ఎస్తేరమ్మ కాగితాలు

"పొట్టిక్కలు అయిపోయాయాండీ?"

రాజోలు బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో, పనసాకు బుట్టల్లో ఉడికే ఆ ఇడ్లీల కోసం, ఆ ప్రశ్న అడిగితే ఎవరూ తలెత్తి చూడరు. మూలబల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి కూడా తలెత్తలేదు. కాఫీ చప్పరిస్తూ జవాబు చెప్పాడు.

"పనసాకులు రాలేదంటండి. రేపు రమ్మన్నారు."

కోడ్ సరిపోయింది. హన్నా ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుని తనూ కాఫీ తెప్పించుకుంది.

ఆయన్ని చూస్తే ఎవరైనా రొయ్యల వ్యాపారి అనుకుంటారు. మాసిన చొక్కా, భుజాన తువ్వాలు, కాళ్ళ దగ్గర థర్మోకోల్ పెట్టె. ఆ పెట్టెలో ఐసు కింద రొయ్యలు, రొయ్యల కింద శాటిలైట్ ఫోను. పేరు బంగారరాజు. అంతర్వేది దగ్గర పడవల మీద పుట్టి పెరిగాడు, దొంగ పాస్‌పోర్టులతో మూడు ఖండాలు తిరిగాడు. ఇప్పుడు తూర్పు తీరం మొత్తానికి సీక్రెట్ సర్వీస్ చీఫ్. హన్నా ఆయన దగ్గర ఫీల్డ్ ఏజెంట్. ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఆమె నిర్మల టీచరు గారి అమ్మాయి, కాకినాడలో ఏదో ఆఫీసులో గుమాస్తా.

"టార్గెట్ ఎవరండీ?" అంది హన్నా.

"లోథార్. ఏ దేశం వాడో వాడికే గుర్తుండదు. పాత కాగితాల దొంగల్లో నంబర్ వన్. వింటర్‌హోమ్ ట్రస్టు అని బోర్డు పెట్టుకుని యూనివర్సిటీలకి వస్తారు. మీ తాళపత్రాలు, పాత కుటుంబాల కాగితాలు ఉచితంగా స్కాన్ చేసి పెడతామంటారు. నచ్చిన సరుకు కోటీశ్వరులకి అమ్ముకుంటారు. మిగతాదానికి నిప్పంటుకుంటుంది. షార్ట్ సర్క్యూట్ అని పేపర్లో వస్తుంది. బూడిదలో ఏది ఉందో, ఏది లేదో ఎవరు వెతుకుతారమ్మా?"

"ఈసారి ఎక్కడ?"

"అమలాపురం. యూనివర్సిటీ ఆర్కైవ్స్. వాళ్ళ కన్ను పడింది ఎస్తేరమ్మ కలెక్షన్ మీద."

హన్నా చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది.

ఎస్తేరమ్మ హన్నాకి ముత్తమ్మమ్మ. కామందు చేలో ఊడ్పుకి వంగిన నడుము మళ్ళీ కోతలయ్యాకే లేచే రోజుల్లో, మిషన్ బడి అరుగు కింద కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మనిషి. నేర్చుకుని ఊరుకుందా? తాటాకుల మీద గీసింది, పొట్లాల కాగితాల వెనక రాసింది. ఊడ్పుల్లో ఆడవాళ్ళు పాడిన పాటలు, పురుటి మందులు, వరదలో ఎవరెవరు ఎలా బతికారో ఆ కథలు, కామందు కొట్టిన దెబ్బలు, వాటికి తను మనసులో ఇచ్చుకున్న జవాబులు. అక్షరం మీకెందుకన్న ఊళ్ళో, కూలి చేసుకునే ఆడమనిషి స్వహస్తాలతో రాసిన కాగితాలవి. వాటిని నిర్మల టీచరు ఇంట్లో చెదపురుగులకి వదల్లేక, కిందటేడు ట్రంకు పెట్టె ఆటోలో వేసుకుని వెళ్ళి ఆర్కైవ్స్‌కి ఇచ్చి వచ్చింది. మా అమ్మమ్మని చదువుకోండి అంది. ఇప్పుడు ఆ అమ్మమ్మని ఎవడో తన బీరువాలో బంధించుకుంటాడట!

"సొంతవాళ్ళ కేసు, హన్నాని పంపొద్దు అన్నారు ఢిల్లీ వాళ్ళు," అన్నాడు బంగారరాజు. "నేను ఆయ్ అన్నాను. అని నిన్ను పిలిచేను."

హన్నా నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు.

"ఇంకోటి. ఆ ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ కలువ. ఢిల్లీ వాళ్ళు పెట్టిన మనిషి, నేనూ చూడలేదు. ఆవిడ చెప్పినట్టల్లా ఇక్కడి ఏజెంటు చెయ్యాలని ఆర్డరు."

"ఆయ్," అంది హన్నా.

బంగారరాజు ఆమె వంక ఒక్క క్షణం అనుమానంగా చూసి, జేబులోంచి పసుపు రంగు పెన్సిలు తీసి బల్ల మీద దొర్లించాడు.

"ఆర్కైవ్స్‌లోకి పెన్ను రానివ్వరంట, పెన్సిలే. ఇది ఉంచుకో. మొన ఫోటో తీస్తుంది. వెనకున్న రబ్బరు వాసన చూస్తుంది. మందుగుండైనా, మండే కెమికల్ అయినా దగ్గరికొస్తే ఎర్రబడుతుంది. రాసి రాసి అరగదీయకు, చాలా ఖరీదు."

*

ఆర్కైవ్స్ డైరెక్టర్ భవానీదేవి గారికి లోకంలో ఉన్నవి రెండే జాతులు. చేతులు కడుక్కుని కాగితం ముట్టుకునేవాళ్ళు, కడుక్కోనివాళ్ళు. స్టాక్ రూం తలుపు మీద ఆవిడ స్వయంగా రాసి అంటించిన నియమాలు ఉండేవి. పెన్ను రాకూడదు. నీళ్ళ సీసా రాకూడదు. బ్యాటరీ ఉన్న వస్తువేదీ అసలే రాకూడదు. కొత్త ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరిన హన్నాకి మొదటిరోజే అవన్నీ అప్పజెప్పించారు.

కలువ రెండో రోజు విచ్చుకుంది.

"మీ ఊళ్ళో ఈ ఎండలకి కలువలు బతుకుతాయా?"

"నీడనుంటే బతుకుతాయండి," అని కోడ్ పూర్తిచేస్తూ హన్నా తలెత్తింది. ఎదురుగా క్రిస్టీనా. ట్రస్టు తరఫున స్కానింగ్ అంతా నడిపిస్తున్న మనిషి. మే నెల ఉక్కలో కూడా చెమట పట్టని ముఖం, గంజి పెట్టిన లేత నీలం చీర, ఆవిడ నడిస్తే కారిడార్‌లో గుమాస్తాల తలలన్నీ అటే తిరిగేవి. హైదరాబాదులో పుట్టి లండన్‌లో పెరిగిందట. తెలుగు శుభ్రంగా మాట్లాడేది.

"ప్లాన్ సింపుల్," అంది క్రిస్టీనా గొంతు తగ్గించి. "చివరి రోజు ఎస్తేరమ్మ బాక్సు నా కారులో పెడతావు. లోపల ట్రాకర్ ఉంటుంది. లోథార్ రాజమండ్రి ఎయిర్‌పోర్టులో దాన్ని అందుకుంటాడు. మీవాళ్ళు అక్కడ పట్టుకుంటారు."

"ఎరకి అసలు కాగితాలే కావాలాండీ?"

"అసలైనవే. వాడు ఎక్స్‌పర్ట్. అర్థమైందా?"

"ఆయ్."

క్రిస్టీనా ముచ్చటపడిపోయింది. "ఈ మాట భలే నచ్చింది నాకు. వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నా, మీ కోనసీమ వాళ్ళు దేనికీ కాదనరు. ఏది చెప్పినా ఆయ్. ఎంత మంచి మనుషులో!"

హన్నాకి ఒళ్ళు మండింది. అయినా వినయంగా తల వంచుకుంది. ఆ వినయం ఆమెకి మూడు తరాల నుంచి వస్తున్న ఆస్తి, దాన్ని ఎప్పుడు ఎలా వాడాలో ఎస్తేరమ్మ రాసిపెట్టి పోయింది.

రాసిపెట్టిందన్న మాట ఉత్తినే అనలేదు. ఆ మధ్యాహ్నం స్కానింగ్ బల్ల మీద ఒక తాటాకు చేతికి వచ్చింది. హన్నా చిన్నప్పటి నుంచి అమ్మ నోట విన్న కథే, అక్షరాల్లో. మిషన్ బడి గడప తొక్కావంటే చేలో పని ఉండదన్నాడు కామందు. 'ఆయండి అన్నాను. విన్నానని అన్నాను. మానేస్తానని అనలేదు.' ఆ సాయంత్రమే వెళ్ళి 'అ' దిద్దిందట. చదువుతుంటే హన్నా కళ్ళు చెమ్మగిల్లాయి. భవానీదేవి గారు పరుగున వచ్చి ఆకు లాక్కున్నారు.

"ఏడుపు వస్తే బయటికెళ్ళి ఏడవమ్మా! ఆకు మీద నీళ్ళు పడతాయి!"

*

చివరి రోజు వచ్చింది. వైస్ ఛాన్సలర్ గారి గదిలో శాలువాలు సిద్ధమవుతున్నాయి. క్రిస్టీనా టిఫిన్ క్యారియర్ అంత తెల్లటి యంత్రం ఒకటి తెచ్చి హన్నా చేతిలో పెట్టింది.

"డీహ్యూమిడిఫయర్. పైకి తేమ లాగుతుంది, లోపల మన ట్రాకర్ సిగ్నల్‌ని పెంచే రిలే ఉంది. తాళపత్రాల బీరువా కింద పెట్టెయ్."

"ఆయ్."

ఆవిడ అటు తిరగ్గానే హన్నా పెన్సిలు తిప్పి రబ్బరు కొనని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. తెల్ల రబ్బరు మిరపపండులా ఎర్రబడింది.

ఒక్కసారిగా అంతా తేటపడిపోయింది. కలువ రెండు వైపులా జీతం తింటోంది. ఇటు ఢిల్లీకి రాజమండ్రి ఎయిర్‌పోర్టు కథ చెప్పింది, అటు లోథార్‌కి సరుకు అందిస్తోంది. తను వెళ్ళిపోయాక ఫోన్లోంచి ఒక బటన్ నొక్కుతుంది. బీరువా, దానిలోని వందల ఏళ్ళ తాటాకులు, ఎవరెవరో తాతల ఉత్తరాలు, ఆర్కైవ్స్ మొత్తం బూడిద. సాక్ష్యం ఉండదు, అనుమానం అసలే ఉండదు.

హన్నా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి బంగారరాజుకి ఫోన్ చేసింది.

"కలువ కుళ్ళిందండి. బీరువా కింద పెట్టమని నిప్పంటించే యంత్రం ఇచ్చింది."

అవతల తెడ్డు నీళ్ళలో పడ్డ చప్పుడు.

"అనుకున్నానమ్మా. సఖినేటిపల్లి దిగువన చిన్న రేవులో ఎవరో మోటారు పడవ మాట్లాడుకున్నారు, సముద్రం వైపుకి. చేపల వేట నిషేధం రోజుల్లో సముద్రం మీదికి ఎవడు పోతాడు? రాజమండ్రి ఉత్తదే. ఆ పడవవాణ్ణి ఇంటికి పంపించేసి నేనే చుక్కాని పట్టుకున్నాను. నువ్వు ఆ యంత్రం మాత్రం ముట్టుకోకు. విశాఖ నుంచి బాంబ్ స్క్వాడ్ బయల్దేరుతుంది. వాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండు."

విశాఖ నుంచి అమలాపురం! ఈ లోపల ఆవిడ బటన్ నొక్కితే? ఇక్కడ ఇప్పుడే గోల చేస్తే లోథార్ జారుకుంటాడు, ఇంకో ఊళ్ళో ఇంకో ఆర్కైవ్స్ కాలుతుంది.

"వింటున్నావా హన్నమ్మా?"

"ఆయ్," అంది హన్నా. ఫోను పెట్టేసి చేతులు కడుక్కుంది.

తర్వాత పని చకచకా జరిగింది. వరండాలో చిత్తుకాగితాల వాడి కోసం కట్టలు కట్టి ఉంచిన పాత జవాబు పత్రాలు ఉన్నాయి, డిగ్రీ ఫస్టియర్ ఎకనామిక్స్. ఎస్తేరమ్మ కాగితాలు పదిలంగా తీసి, భవానీదేవి గారి సొంత బీరువాలో, ఎవరూ ముట్టుకోని పాత రసీదుల వెనక పెట్టింది. ఖాళీ అయిన బాక్సులో అడుగున తెల్ల యంత్రం, పైన ఎకనామిక్స్. సీలు వేసి లేబుల్ సరిచేసింది. బ్యాటరీ ఉన్న వస్తువు స్టాక్ రూంలో ఉండకూడదన్న నియమం కూడా చక్కగా పాటించినట్టయింది.

క్రిస్టీనా కారు డిక్కీ తెరిచి నిలబడింది. "ఎస్తేరమ్మ కాగితాలన్నీ ఇందులోనే కదా?"

"ఆయ్."

"యంత్రం బీరువా కిందే కదా?"

"ఆయండి. దారిలో బాక్సు తెరవకండేం? ఈ ఎండకి తాటాకులు పెళుసెక్కి విరిగిపోతాయి."

"తెలుసు," అంది క్రిస్టీనా గర్వంగా.

ఇక ఆవిడకంటే ముందు రేవు చేరాలి. హన్నా భవానీదేవి గారి చెవిలో ఒక్క మాట వేసింది. "పాపం, మేడమ్ భోజనం చెయ్యకుండా వెళ్ళిపోతారంటండి."

అంతే. భవానీదేవి గారి ముఖం రంగు మారింది. "మన ఊరొచ్చి ఖాళీ కడుపుతో వెళ్తారా? ఎంత అప్రతిష్ఠ!" గోదావరి మర్యాద కారు తాళాలు లాక్కుంది. పనసపొట్టు కూర, పులస దొరకని కాలమని క్షమాపణలతో కొర్రమీను పులుసు, మామిడిపండ్లు, పూతరేకులు. "కొంచెమేనండీ, మీరేం తిన్నారనీ, ఇంకో రెండు రేకులు." లోకంలో ఎన్నో నిర్బంధాల నుంచి తప్పించుకున్న క్రిస్టీనా ఆ విస్తరి ముందు నుంచి లేవలేకపోయింది. ఈ లోపల హన్నా బైకు దిండి దారి పట్టి దుమ్ము రేపుకుంటూ పోయింది.

*

రేవులో కారు ఆగేసరికి పొద్దు పడమటికి వాలింది. లోథార్ ముందే వచ్చి కొబ్బరిచెట్టు నీడన నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, పాలిపోయిన కళ్ళు, ఎండ టోపీ. డిక్కీలోంచి బాక్సు తీసి తనే మోసుకుంటూ పడవెక్కాడు.

"సముద్రం దాకా. మధ్యలో ఎక్కడా ఆపకు," అంది క్రిస్టీనా పడవవాడితో.

"ఆయ్," అన్నాడు తువ్వాలు తలపాగా చుట్టుకున్న బంగారరాజు.

పడవ కదిలింది. ముందువైపు వలల కుప్ప ఉంది. ఆ కుప్ప కింద ఊపిరి బిగబట్టుకుని, ఎండుచేపల కంపు భరిస్తూ, బంగారరాజు గొణుగుతూనే దాచిన హన్నా ఉంది.

వశిష్ఠ గోదావరి నడుమకి రాగానే క్రిస్టీనా ఫోన్ తీసింది. "అయిపోయింది లోథార్. మూడు నిమిషాల్లో అమలాపురం ఆర్కైవ్స్ ఒక పాత వార్త." స్క్రీన్ మీద బొటనవేలు నొక్కింది. అంకెలు కిందికి దిగడం మొదలుపెట్టాయి.

ఎక్కడో కీచుమని శబ్దం. దగ్గర్లోనే. మరీ దగ్గర్లో.

లోథార్ బాక్సుకి చెవి ఆనించాడు. సీలు చించాడు. పైన ఒక జవాబు పత్రం. గిరాకీ సూత్రాన్ని వివరింపుము. సున్నా మార్కులు. దాని కింద ఇంకో కట్ట. దాని కింద తెల్ల యంత్రం, ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది.

పడవ ఇంజను ఆగిపోయింది. వలలు పైకి లేచాయి.

"వందనాలండీ," అంది హన్నా.

లోథార్ ఆ యంత్రాన్ని నీళ్ళలోకి విసరాలని బాక్సులోకి చెయ్యి పెట్టాడు. హన్నా వాణ్ణి ఒక్క తోపు తోసి, బాక్సు మూత దించి దాని మీద ఎక్కి కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. లోథార్ చెయ్యి జేబులోకి పోబోతే బంగారరాజు తెడ్డుతో ఆ చేతిని పలకరించాడు. పిస్తోలు గోదావరిలో పడింది.

"నువ్వు దీన్ని బీరువా కింద పెట్టానన్నావు!" క్రిస్టీనా గొంతు కీచుమంది. ఆ ముఖానికి మొదటిసారి చెమట పట్టింది.

"అనలేదండి. మీరు అడిగేరు. నేను ఆయ్ అన్నాను."

"ఆయ్ అంటే అవునని కదా!"

"విన్నానని అండి. మీ మాట నా చెవిన పడిందని. చేస్తానని మాటిచ్చినట్టు మీరే అనుకున్నారు. కామందులూ అలాగే అనుకునేవారు. బడికి పోకన్నారు, మా ఎస్తేరమ్మ ఆయ్ అంది. వెళ్ళింది. అక్షరం ముట్టుకోకన్నారు, ఆయ్ అంది. పెట్టెడు రాసింది. మేం దేనికీ కాదనం కదా, మంచి మనుషులం!"

"లే! పేలిపోతుంది! నలుగురం చస్తాం!"

"చస్తామండి. కాగితాలు మాత్రం అమలాపురంలో ఉంటాయి, రేపు పిల్లలు వచ్చి చదువుకుంటారు. ఇది నీళ్ళలో పడితే సాక్ష్యం లేదు, మీరు దర్జాగా వెళ్ళిపోతారు. అందుకని నేను లేవను. మీ వేలితో మొదలెట్టేరు, మీ వేలితోనే ఆపండి."

బంగారరాజు కూడా తెల్లబోయి చూస్తున్నాడు. "ఇది ఇందులో పెట్టేనని నాకు చెప్పలేదేంటమ్మా?"

"చెబితే వద్దంటారు కదండీ, బాబాయిగారూ."

"వద్దనే అన్నాను కదే!"

"ఆయ్."

లోథార్ పడవ అంచు మీద కాలు వేశాడు. "దూకండి దొరగారూ," అన్నాడు బంగారరాజు తేరుకుని, మర్యాదగా. "ఆటు మొదలైంది. ఇక్కడ దూకినవాడు అంతర్వేది దాటాక తేలతాడు. ఈత వచ్చినా, రాకపోయినా." లోథార్ కాలు వెనక్కి తీసుకుని క్రిస్టీనా మీద అరిచాడు. "ఆపు! ఆపు దాన్ని!"

అంకెలు రెండు స్థానాల నుంచి ఒక స్థానానికి దిగాయి. హన్నాకి భయం లేదంటే అబద్ధం, చాలా భయం వేసింది. అయినా లేవలేదు. కూర్చున్నది తను ఒక్కతే కాదనిపించింది, ఆ బాక్సు మీద తన పక్కన నడుము వంగిన ఒక ముసలామె కూడా సర్దుకుని కూర్చున్నట్టే ఉంది.

క్రిస్టీనా ఆమె కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు వాలలేదు. క్రిస్టీనా బొటనవేలు స్క్రీన్ మీద పడింది.

రెండు దగ్గర అంకె ఆగిపోయింది.

కీచుమనే శబ్దం లేదు. గోదావరి పడవ అంచుకి మెల్లగా కొట్టుకుంటోంది. దూరంగా మెరైన్ పోలీసు పడవ మలుపు తిరిగి వస్తోంది.

"నీ వేలిముద్రతో సహా దొరికేవమ్మా కలువా," అన్నాడు బంగారరాజు, ఇంజను మళ్ళీ స్టార్ట్ చేస్తూ.

*

మర్నాడు భవానీదేవి గారు తన బీరువా తెరిచి, రసీదుల వెనక ఎస్తేరమ్మని చూసి, ముందు హన్నాని తిట్టారు. తాటాకుల పక్కన రసీదులా, పురుగు పట్టదా అని. తిట్టడం అయ్యాక ఒక్కొక్క కాగితం స్వయంగా కొత్త బాక్సులో సర్ది, దాన్ని అదే అరలో, అదే చోట పెట్టారు. లోథార్ గోడౌన్‌లో దొరికిన వేరే ఊళ్ళ తాళపత్రాలు వాటి వాటి చోట్లకి బయల్దేరాయి. నిర్మల టీచరు తన బడి పిల్లల్ని తీసుకొచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చేతులు కడిగించిన తర్వాతే.

బంగారరాజు వరండాలోకి ఐస్ పెట్టెతో వచ్చాడు. హన్నాని పక్కకి పిలిచాడు.

"ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చిందమ్మా. కేసు తేలేదాకా ఎస్తేరమ్మ కాగితాలు సాక్ష్యం కింద వాళ్ళ దగ్గరే ఉండాలంట. సీలు చేసి రేపే పంపమన్నారు."

లోపల ఎవరో పిల్ల ఊడ్పుల పాట ఒకటి కూడబలుక్కుంటూ చదువుతోంది. హన్నా కాసేపు అటే చూసింది.

"ఆయ్," అంది.

బంగారరాజు ఐస్ పెట్టె మూత బిగించి భుజాన వేసుకున్నాడు.

"నేనూ వాళ్ళతో అదే అన్నాను."